కాణిపాకంలో ప్రమాణం చేయిస్తే మనసు కుదుటపడుతుందా?

మీరు అడిగింది ఇది: నాలుగేళ్ల బంధం తెగి ఆరు నెలలైంది, ఇప్పటికీ రాత్రిళ్లు ఆయన స్టేటస్ చూడందే నిద్ర పట్టడం లేదు, కాణిపాకం తీసుకెళ్లి ప్రమాణం చేయించి తప్పు ఒప్పించాలని ఉంది, అప్పుడైనా బయటపడతానా అని.

ప్రమాణం సంగతి ముందు చెబుతాను. మన చిత్తూరు వైపు ఆ ఆలోచన రావడం సహజం, వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధమాడాలంటే ఎవరికైనా భయమే. అప్పు తీర్చాడా లేదా అన్నది అలా తేలుతుందేమో. మీకు కావలసింది మాత్రం "అవును, నిన్ను బాధపెట్టాను" అన్న మాట. అది వచ్చినా వెనకే "నువ్వు మాత్రం తక్కువా" అని వస్తుంది, మళ్లీ వాదన, మళ్లీ ఫోన్లు. రాకపోతే ఇంకో దెబ్బ. మీరు కోలుకోవడాన్ని ఆయన నోటిమాటకు ముడిపెట్టకండి.

స్టేటస్ ఎందుకు అంతలా లాగుతుందంటే, నాలుగు రోజులు తిట్టి ఐదోరోజు మల్లెపూలు తెచ్చే మనిషిని మరవడం చాలా కష్టం. ఎప్పుడొస్తుందో తెలియని ప్రేమ కోసం మనసు కాపలా కాస్తూనే ఉంటుంది. అందుకే పట్టుదల ఒక్కటే చాలదు, దారులు మూయాలి. వాట్సాప్, ఇన్‌స్టా బ్లాక్ చేసి ఫోన్‌పే, గూగుల్‌పే వదిలేస్తారు. ఒక్క రూపాయి పంపి "ఎలా ఉన్నావ్" అని రాస్తే కథ మొదటికొస్తుంది. అక్కడా బ్లాక్ చేయండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూసి మీవి కానివి తీసేయండి, గూగుల్ పాస్‌వర్డ్ మార్చండి, లొకేషన్ షేరింగ్ ఆపండి. స్నేహితురాలి ఫోన్‌లో చూడడం కూడా చూడడమే, చూపించొద్దని ఆమెకు ముందే చెప్పండి. ఫొటోలు కోపంలో చెరపకుండా పెన్‌డ్రైవ్‌లో వేసి అక్క దగ్గర ఉంచండి. బెదిరింపు మెసేజ్‌లుంటే చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కు పంపుకున్నాకే బ్లాక్. కొట్టడం, వెంటపడడం ఉంటే మిగతావన్నీ పక్కనపెట్టి మహిళా హెల్ప్‌లైన్ 181కో, అత్యవసర నంబరు 112కో ఫోన్ చేయండి. 2005 గృహహింస చట్టం పెళ్లి కాకుండా ఒకే ఇంట్లో భార్యాభర్తల్లా ఉన్నవాళ్లకూ వర్తిస్తుంది.

తర్వాత ఆ బంధంలో మీకు జరిగిందీ, అనిపించిందీ రాయండి. వరుసగా 4 రోజులు, రోజుకు 15 నుంచి 20 నిమిషాలు. 1980లలో జేమ్స్ పెన్‌బేకర్ అనే అమెరికా మనస్తత్వవేత్త పరీక్షించిన పద్ధతి ఇది. అక్షరదోషాలు పట్టించుకోవద్దు. ఆయనకు ఉత్తరంలా మాత్రం రాయకండి, పంపాలనిపిస్తుంది. పడుకోబోయే ముందు వద్దు, సాయంత్రం దీపం పెట్టే వేళకు ముగించండి. రాసిన వెంటనే కాసేపు గుండె బరువెక్కుతుంది, కంగారుపడకండి. చాలామంది తప్పేది ఇక్కడే: నాలుగు రోజులూ అదే వాక్యం రాస్తారు. మొదటిరోజు "బస్టాండ్‌లో గంటన్నర నిలబెట్టాడు" అని ఉంటే, మూడోరోజుకు "నేను నిలబడ్డాను, ఎందుకంటే వెళ్లిపోతే వారం మాట్లాడడని భయం" అని రావాలి. ఆ "ఎందుకంటే" దగ్గరే మీ గురించి మీకు కొత్త సంగతి తెలుస్తుంది. రాకపోతే పుస్తకం మూసి నెలాగి మళ్లీ మొదలుపెట్టండి.

ఇంట్లోవాళ్లు సర్దుకుపొమ్మనో, వెంటనే ఇంకో సంబంధమనో అంటారు. వాదించకండి. "అత్తా, ఆ మాట ఇప్పుడొద్దు, అన్నం తిందాం" అని ఒకే వాక్యం ప్రతిసారీ అనండి.

రోజూ అరగంట నడవండి. తిరుమల కొండకు కాలినడకన వెళ్లాలంటే శ్రీవారి మెట్టు దారి 2,388 మెట్లు, అలిపిరి దారి 3,550. ఎక్కాలనిపిస్తే తోడుతో ఎక్కండి, ఒంటిని శిక్షించడానికి మాత్రం వద్దు.

రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి లేక ఏ పని మీదా మనసు పోకపోతే తిరుపతి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేసి ఉచితంగా తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు, ఆ క్షణమే 14416కు ఫోన్ చేయండి, ఇంట్లో ఒకరిని లేపండి.

ఏ ఉగాదికో, పుట్టినరోజుకో ఆయన స్టేటస్ మళ్లీ చూసేస్తారు. అప్పుడు మొదటి రోజు నుంచి లెక్కపెట్టకండి. ఈసారి ఎన్ని రోజులకు చూశారో నోటుబుక్కులో తేదీ వేసుకోండి. మూడు రోజులు పదకొండై, పదకొండు ముప్పయ్యవుతుంటే మీరు సరైన దారిలోనే ఉన్నారు.