నలుగురిలో మాట్లాడని అమ్మాయికి పరిశోధన సరిపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. బాగా చదువుతుంది కానీ నలుగురిలో నోరు విప్పదు. సాఫ్ట్‌వేర్ అంటే రోజంతా టీమ్, మీటింగులు, మేనేజర్. పరిశోధన అయితే ల్యాబ్‌లో తన పని తాను చేసుకోవచ్చు కదా అని కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ ఐసర్‌లో చేర్పిద్దామనుకుంటున్నాం. బంధువులేమో బీటెక్‌లో ఏఐ-ఎంఎల్ (కృత్రిమ మేధ, మెషీన్ లెర్నింగ్) బ్రాంచి వదులుకోవద్దంటున్నారు. రెండింటినీ పోల్చి చెప్పగలరా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఈ ప్రశ్న ప్రతి ఏడాదీ ఏదో ఒక రూపంలో నా దగ్గరికి వస్తుంది. మాటకారి పిల్లలకి ఎంబీఏ, మౌనంగా ఉండే పిల్లలకి పరిశోధన అని ఎవరు పంచిపెట్టారో గానీ, చాలా ఇళ్లలో ఇదే లెక్క. పోలిక చెబుతాను. దానికంటే ముందు ఒక సంగతి. మీరు ఊహించుకుంటున్న ఒంటరి పరిశోధన ఇప్పుడు చాలా అరుదు.

2015లో హిగ్స్ బోసాన్ అనే సూక్ష్మ కణం ద్రవ్యరాశి మీద, యూరప్‌లోని భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం సెర్న్‌లోని రెండు బృందాలు కలిసి ఒక పరిశోధన పత్రం (పేపర్) ప్రచురించాయి. రచయితలు 5,154 మంది. 33 పేజీల్లో సైన్స్ 9 పేజీలే, మిగతా 24 పేజీలూ పేర్లు, సంస్థల జాబితా. అది మరీ పెద్ద ఉదాహరణ అంటారా, మామూలు బయాలజీ ల్యాబ్‌నే చూడండి. ఒక గైడ్, పీహెచ్‌డీ అయిపోయాక పరిశోధన కొనసాగించే పోస్ట్‌డాక్‌లు ఒకరిద్దరు, కొందరు పీహెచ్‌డీ స్కాలర్లు, ప్రాజెక్ట్ అసిస్టెంట్లు ఉంటారు. ఖరీదైన మైక్రోస్కోప్‌ను అందరూ పేర్లు రాసుకుని వంతులవారీగా వాడుకోవాలి. మధ్యలో ల్యాబ్ మీటింగ్ అనే పరీక్ష ఒకటి. మీ గ్రాఫ్ స్క్రీన్ మీద ఉంటుంది, అందరూ దాన్ని చీల్చి చెండాడతారు. గణితంలో ఇంకా కాస్త ఏకాంతం మిగిలింది, అంతే.

నిజానికి సైన్స్ ముందుకు కదిలేది చాలావరకు ఆ మీటింగుల్లోనే. కెవిన్ డన్‌బార్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990లలో మాలిక్యులర్ బయాలజీ ల్యాబుల్లో కూర్చుని వాళ్ల మాటలన్నీ రికార్డు చేశాడు. అనుకోని ఫలితం వచ్చినప్పుడు చేసినవాళ్లు ముందు పద్ధతిలో ఏదో పొరపాటు జరిగిందనుకునేవాళ్లు. దాన్ని ఇంకో కోణంలో చూపించేది ఎక్కువగా పక్కవాళ్ల ప్రశ్నలే. ఆయన చెప్పిన ఒక సంగతి నాకు బాగా నచ్చింది. రెండు ల్యాబుల్లో ఒకే చిక్కు వచ్చింది. ప్రొటీన్లు ఫిల్టర్‌కి అంటుకుపోతున్నాయి. అందరూ ఒకే రకం చదువు చదివిన ల్యాబ్ వారాల తరబడి ప్రయోగాలు చేసుకుంటూ పోయింది. రకరకాల నేపథ్యాలవాళ్లున్న ల్యాబ్ ఒక్క మీటింగులో దారి కనిపెట్టింది.

అయితే అమ్మాయికి ఇది కుదరదని భయపడకండి. అసలు నేను చెప్పదలచుకున్నది దీనికి పూర్తిగా వ్యతిరేకం. 2010లో అనితా వూలీ అనే పరిశోధకురాలి బృందం 699 మందిని చిన్న చిన్న గుంపులుగా చేసి రకరకాల పనులిచ్చి చూసింది. గుంపులో గొప్ప తెలివైనవాడు ఒకడున్నంత మాత్రాన ఫలితం పెద్దగా మారలేదు. ఎదుటివాళ్ల కళ్లు చూసి మనసు పసిగట్టగలిగేవాళ్లున్న గుంపులు, అందరికీ మాట్లాడే వంతు దక్కిన గుంపులు బాగా చేశాయి. ఒకరిద్దరే మైకు పట్టుకున్న గుంపులు వెనకబడ్డాయి. దీనిమీద తర్వాత వాదోపవాదాలు జరిగాయి. కానీ నేను చూసిన పిల్లల విషయంలో ఇది నిజమే. తక్కువ మాట్లాడేవాళ్లు ఎక్కువ వింటారు, ల్యాబ్‌కి వాళ్లు కావాలి. పైగా 2019లో కోట్లాది పేపర్లు, పేటెంట్లను పరిశీలించినవాళ్లు తేల్చింది ఏమిటంటే, పెద్ద బృందాలు ఉన్నదాన్ని పెంచుతాయి, కొత్త దారి తొక్కేవి ఎక్కువగా చిన్న బృందాలు. అంటే నలుగురైదుగురున్న ల్యాబ్ ఎంచుకోవడం తక్కువ పనేమీ కాదు.

ఇప్పుడు మీతో కాస్త కటువుగా మాట్లాడాలి. నలుగురిలో నోరు విప్పదు అంటున్నారు. ఏ నలుగురిలో? చుట్టాల ముందా? మన ఇంటర్ కాలేజీల్లో పొద్దుట్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, వారం వారం టెస్టు, గోడ మీద ర్యాంకులు. పక్కపిల్లకి డౌట్ చెబితే తన ర్యాంకు పోతుందన్న టెన్షన్. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మానాన్నలు అడిగే మొదటి ప్రశ్న ‘మిగతావాళ్లకెంత వచ్చింది?’ అలా పెంచి, పిల్ల ఎవరితోనూ కలవదని మనమే అంటే ఎలా? అదీ ఆమె వినేటట్టు అంటూ ఉంటాం. ఇంకొకటి, మీ ఉత్తరంలో ఆమెకి ఏ సబ్జెక్టు ఇష్టమో ఒక్క ముక్క లేదు. ముందు అది అడగండి.

ఏఐ-ఎంఎల్ బ్రాంచి మీద నా అనుమానాలు దాచుకోను. మొదటి రెండేళ్ల సిలబస్‌లో మామూలు సీఎస్ఈకీ దీనికీ పెద్ద తేడా ఉండదు. సీట్లు పెరిగినంత వేగంగా ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా గట్టిగా చెప్పే మాస్టార్లు పెరగలేదు. నాలుగేళ్ల తర్వాత మార్కెట్ ఇలాగే ఉంటుందని ఇప్పుడే హామీ ఇచ్చేవాళ్లని నేను నమ్మను. బ్రాంచి పేరు చూసి మేనేజ్‌మెంట్ కోటాకి లక్షలు పోయకండి. మంచి కాలేజీలో మామూలు సీఎస్ఈ వస్తే అదే నయం. ఆ మాటకొస్తే ఏఐకి పెద్ద పేరు తెచ్చిన ఆల్ఫాఫోల్డ్ (ప్రొటీన్ల ఆకారాన్ని అంచనా వేసే ప్రోగ్రామ్) సంగతి చూడండి. దానికి 2024లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న ఇద్దరిలో జాన్ జంపర్ చదివింది ఫిజిక్స్, మ్యాథ్స్, తర్వాత థియరిటికల్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ. డెమిస్ హసాబిస్ పీహెచ్‌డీ మెదడు మీద. ఆల్ఫాఫోల్డ్ పేపర్ మీదా ముప్పై మందికి పైగా పేర్లున్నాయి.

ఇక పోలిక. ఐసర్‌లో బీఎస్-ఎంఎస్ ఐదేళ్లు. మొదట్లో అన్ని సైన్సులూ చదవాలి, చివరి ఏడాది ల్యాబ్‌లో థీసిస్. ఆపైన పీహెచ్‌డీ ఇంకో ఐదారేళ్లు. ఫెలోషిప్ నెలకి 37,000, తర్వాత 42,000 రూపాయలు, ఒక్కోసారి ఆలస్యంగా పడుతుంది. ముప్పై దాటేదాకా స్థిరమైన ఉద్యోగం ఆశించకూడదు. బీటెక్ అయితే 22కే సంపాదన మొదలవుతుంది, ఇష్టముంటే తర్వాత కూడా పరిశోధనకి వెళ్లవచ్చు. రెండూ కావాలంటే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కంప్యూటేషనల్ నేచురల్ సైన్సెస్ (కంప్యూటర్‌తో చేసే సైన్స్) లాంటి ఐదేళ్ల డ్యూయల్ డిగ్రీ చూడండి. మీ ఇంటి పరిస్థితి మీకే తెలుసు. డబ్బు కోసం ఆమె తొందరగా ఉద్యోగం చేయాల్సి ఉంటే ఆ మాట ఇప్పుడే చెప్పండి, మూడో ఏడాదిలో కాదు.

ఇక్కడినుంచి అమ్మాయికి. మీటింగులో గొంతు పెగలకపోతే రాసి చెప్పమ్మా. 2009లో టిమొథీ గవర్స్ అనే గణిత శాస్త్రవేత్త ఇంటర్నెట్‌లో మొదలుపెట్టిన పాలీమ్యాథ్ ప్రాజెక్టులో ఎక్కడెక్కడివాళ్లో కామెంట్లు రాసుకుంటూనే ఒక గట్టి లెక్క తేల్చారు. రేపు ఎప్పుడైనా ల్యాబ్ ఎంచుకునేటప్పుడు గైడ్ పేరు చూసి మురిసిపోకు. మీటింగులో జూనియర్లు ప్రశ్నలడుగుతారా, పేపర్ మీద ఎవరి పేరు ముందుండాలో ఎప్పుడు, ఎలా తేలుస్తారు, ఇవి కనుక్కో. ఇప్పుడు చాలా జర్నల్స్‌లో ఎవరు ఏం చేశారో 14 రకాల పనుల కింద విడివిడిగా రాస్తున్నారు. కోడ్ రాసినా, డేటా సర్దినా నీ పేరు పక్కన అది ఉండాలి. ఈ ప్రశ్నలు ల్యాబ్‌లో ఉన్నవాళ్లని అడిగితే మొహమాటపడతారు. అక్కడ పీహెచ్‌డీ ముగించి వెళ్లిపోయినవాళ్లకి మెయిల్ రాయి.