రికన్సిలియేషన్ వీక్‌కు మనం వెళ్ళవచ్చా, వెళితే ఎలా మసలుకోవాలి?

మెల్బోర్న్ వచ్చి ఏడాదైందనీ, పాప బడి నుంచి రికన్సిలియేషన్ వీక్ (ఈ దేశపు మూలవాసులైన అబొరిజినల్ ప్రజలతో సయోధ్య కోసం జరిపే వారం) గురించి కాగితం వచ్చిందనీ, అలాంటి కార్యక్రమాలకు మనలాంటి వలస కుటుంబాలు వెళ్ళవచ్చా అనీ, మీ తెలుగు సంఘం వేడుకలో ఇక్కడి అబొరిజినల్ ప్రజలకు గౌరవం తెలిపే అంశం ఎలా పెట్టాలనీ అడిగారు. నిరభ్యంతరంగా వెళ్ళవచ్చు. చాలా ఏళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉంటూ కుటుంబంతో సహా వీటికి వెళుతున్నవాణ్ణి కనుక ఒక మాట ముందే చెబుతాను. వీటన్నిటినీ కలిపి "ఆదివాసీ సంస్కృతి పండుగలు" అనుకోవద్దు. వీటిలో కొన్ని సంతాప దినాలు, కొన్ని ఉత్సవాలు, కొన్ని ఈ రెండూ కలిసినవి. ఏ రోజు దేని కోసమో తెలుసుకుంటే ఎలా మసలుకోవాలో ఎవరూ విడిగా చెప్పనక్కరలేదు.

రికన్సిలియేషన్ వీక్ ఏటా మే 27 నుంచి జూన్ 3 వరకు జరుగుతుంది. 1967 మే 27న జరిగిన రెఫరెండంలో దాదాపు 91 శాతం మంది అవునని ఓటు వేయడంతో, దేశ జనాభా లెక్కల్లో అబొరిజినల్ ప్రజలను చేర్చకుండా అడ్డుపడిన రాజ్యాంగ నిబంధన తొలగిపోయింది, వారి కోసం చట్టాలు చేసే అధికారం కేంద్ర ప్రభుత్వానికి దక్కింది. ఆ రోజే వారికి ఓటు హక్కు వచ్చిందని మనవాళ్ళు కొందరు వేదికల మీద చెబుతుంటారు, కానీ అది నిజం కాదు. కేంద్ర ఎన్నికల్లో ఓటు హక్కు 1962లోనే వచ్చింది. ఇక జూన్ 3, మాబో తీర్పు వచ్చిన రోజు. బ్రిటిష్‌వారు వచ్చేనాటికి ఈ నేల ఎవరిదీ కాదన్న వాదనను ఆస్ట్రేలియా హైకోర్టు 1992లో ఆ రోజునే కొట్టివేసింది. ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న టోరెస్ స్ట్రెయిట్ జలసంధిలోని మెర్ దీవికి చెందిన ఎడ్డీ మాబో ఆ దావాను పదేళ్ళు నడిపి, తీర్పు వినకుండానే ఆ ఏడాది జనవరిలో కన్నుమూశారు.

వారం మొదలయ్యే ముందురోజు, అంటే మే 26, సారీ డే. తల్లిదండ్రుల దగ్గరనుంచి ప్రభుత్వాలు, క్రైస్తవ మిషన్లు బలవంతంగా తీసుకుపోయిన అబొరిజినల్ పిల్లలను ఇక్కడ స్టోలెన్ జనరేషన్స్ అంటారు. వారి గురించిన విచారణ నివేదికను 1997లో ఆ తేదీన పార్లమెంటు ముందు పెట్టారు. ప్రధాని కెవిన్ రడ్ దేశం తరఫున క్షమాపణ చెప్పింది 2008 ఫిబ్రవరి 13న. మా ప్రాంతంలో జరిగే సారీ డే సభలో మైకులో పాటలేమీ ఉండవు. ఒక పెద్దావిడ కుర్చీలో కూర్చుని, తన తల్లిని ఏ వయసులో, ఏ బండిలో ఎక్కించి తీసుకుపోయారో చెబుతుంది. అందరూ నిలబడి వింటారు. అలాంటి చోట సెల్ఫీలు తీసుకోవడం, పిల్లలకు చిప్స్ ప్యాకెట్లు విప్పడం ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో ఊహించండి. పాప చిన్నదైతే మొదటిసారి దీనికి కాక, జులైలో వచ్చే నాయిడాక్ వారానికి తీసుకువెళ్ళమని నా సలహా.

నాయిడాక్ జులై మొదటి ఆదివారం మొదలై వారం పాటు జరిగే, అబొరిజినల్ ప్రజల సంస్కృతిని చాటే ఉత్సవం. పాటలు, ఆటలు, చేతిపనుల దుకాణాలు, కంగారూ మాంసం సాసేజీలు, డాంపర్ అనే రొట్టె, నలుపు, పసుపు, ఎరుపు రంగుల జెండాలు, అన్నీ ఉంటాయి. ఆ జెండాను హెరాల్డ్ థామస్ రూపొందించగా, 1971లో అడిలైడ్‌లోని విక్టోరియా స్క్వేర్‌లో మొదటిసారి ఎగరేశారు. శాకాహారులైతే ముందే అడగండి, డాంపర్ దొరుకుతుంది కానీ అంతకుమించి ఏమీ లేని సందర్భాలూ ఉంటాయి. మెల్బోర్న్‌లో చలి విపరీతంగా ఉండే నెల కనుక పిల్లలకు స్వెటర్లు మరవకండి. ఫుట్‌బాల్ ఇష్టమైతే మే నెలాఖరులో ఎసెండన్, రిచ్‌మండ్ జట్ల మధ్య ఎంసీజీలో (మెల్బోర్న్ క్రికెట్ మైదానంలో) జరిగే డ్రీమ్‌టైమ్ మ్యాచ్‌కు ముందు ఫెడరేషన్ స్క్వేర్ నుంచి మైదానం వరకు సాగే లాంగ్ వాక్‌లో నడవండి. అబొరిజినల్ మాజీ ఆటగాడు మైకేల్ లాంగ్ తన ప్రజల గోడు ప్రధానికి చెప్పుకోవడానికి 2004లో మెల్బోర్న్ నుంచి కాన్‌బెర్రా వైపు కాలినడకన బయలుదేరారు, ఆ నడకకు కొనసాగింపే ఇది. కొత్తవాళ్ళకు ఇంతకన్నా సులువైన ప్రవేశం నాకు తెలియదు, ఎందుకంటే ఇక్కడ చేయవలసిందల్లా అందరితో పాటు నడవడమే.

చాలా కార్యక్రమాలు పొగ వేయడంతో మొదలవుతాయి. ఇనుప పాత్రలో నిప్పుల మీద పచ్చి యూకలిప్టస్ ఆకులు, చెర్రీ బలార్ట్ అనే స్థానిక చెట్టు కొమ్మలు వేస్తారు. తెల్లని దట్టమైన పొగ లేచాక దాన్ని నడిపించే అబొరిజినల్ పెద్దాయన సైగ చేస్తే, ఒక్కొక్కరుగా అందులోంచి నడిచి వెళ్ళాలి. ఇంట్లో సాంబ్రాణి పట్టినప్పుడు చేసినట్టే మా అబ్బాయి రెండు చేతులతో పొగను ముఖానికి తెచ్చుకుంటే, ఆయన నవ్వుతూ తలూపాడు. (ఖమ్మం, ప్రకాశం జిల్లాల్లో మనం జామాయిల్ తోటలుగా పెంచే చెట్లకు పుట్టిల్లు ఈ దేశమే.) ఉబ్బసం ఉన్నవారు పక్కకు నిలబడినా ఎవరూ ఏమీ అనుకోరు. పెద్దలను అంకుల్, ఆంటీ అని పిలవడం మన పిల్లలకు అలవాటే, కానీ ఇక్కడ అది వయసును బట్టి కాక సమాజం ఇచ్చిన స్థానాన్ని బట్టి వచ్చే పిలుపు, కాబట్టి నిర్వాహకులు ఎవరిని అలా పరిచయం చేస్తే వారినే అలా పిలవండి.

ఇక మీ సంఘం విషయం. వెల్‌కమ్ టు కంట్రీ, అంటే సభకు వచ్చినవారిని తమ నేలకు ఆహ్వానించే మాట, చెప్పే అర్హత ఆ నేలకు చెందిన సంప్రదాయ యజమానులకే ఉంటుంది. మనం చెప్పగలిగింది అక్నాలెడ్జ్‌మెంట్, అంటే ఈ నేల వారిదని గుర్తించి గౌరవం తెలపడం మాత్రమే, దాన్ని తెలుగులోనే చెప్పవచ్చు: "మనం ఈ రోజు కలుసుకున్న ఈ నేల వురుండ్జెరి వోయివురుంగ్ ప్రజలది. వారి పూర్వీకులకు, నేటి పెద్దలకు మా నమస్కారం." నగర కేంద్రం, ఉత్తరపు శివార్లు వురుండ్జెరివారివి, దక్షిణాన తీరప్రాంతం బునురాంగ్‌వారిది, జీలాంగ్ వైపు వాడవురుంగ్‌వారిది. వెరిబీ, టార్నీట్ వైపున్న మనవాళ్ళు హద్దుల దగ్గర ఉంటారు కనుక హాలు చిరునామాతో స్థానిక కౌన్సిల్‌ను అడిగి రూఢి చేసుకోవాలి. జ్యోతి ప్రజ్వలనకు ముందు, హడావిడి లేకుండా, పేర్లు సరిగా పలకడం సాధన చేసిన వ్యక్తి చేత చెప్పించండి. నేను వెళ్ళిన ఒక సంఘం ఉగాది సభలో ఆ వాక్యాన్ని ఫోన్‌లోంచి గబగబా చదివేసి, వెంటనే స్పాన్సర్ల పేర్లలోకి దూకారు. దానికన్నా చెప్పకపోవడమే మర్యాద అనిపించింది.

పెద్దలనే పిలవాలనుకుంటే ఆయా ప్రజల కార్పొరేషన్‌కు (వారి తరఫున పనిచేసే సంస్థకు) కనీసం రెండు నెలల ముందు రాయండి. రుసుము ఉంటుంది, బేరమాడకండి. కూచిపూడి బృందానికి ప్రయాణ ఖర్చులతో సహా ఇచ్చే మన సంఘాలు ఇక్కడికొచ్చేసరికి "సాంస్కృతిక మైత్రి కోసం ఉచితంగా రండి" అని అడగడం నాకు నచ్చదు. స్టేజీ అలంకరణకు చుక్కల బొమ్మలు మీరే గీయవద్దు, ఆ శైలి మధ్య ఆస్ట్రేలియా ఎడారి ప్రాంత ప్రజలది, దాని వెనుక వారి కథల హక్కులు ఉంటాయి. డిడ్జెరిడూ కూడా ఉత్తర ఆస్ట్రేలియాదే తప్ప ఈ ప్రాంతపు వాద్యం కాదు. బహుమతులు కొనాలంటే నాయిడాక్ దుకాణాల్లో కళాకారుల దగ్గరే కొనండి.

పార్లమెంటుకు సలహా ఇచ్చే మూలవాసుల ప్రతినిధి సంఘాన్ని రాజ్యాంగంలో చేర్చాలన్న వాయిస్ రెఫరెండం 2023 అక్టోబరు 14న ఆరు రాష్ట్రాల్లోనూ ఓడిపోయింది. ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది కనుక, మీరెటు ఓటు వేశారని అక్కడివారిని అడగవద్దు, వారే మాట ఎత్తితే వినండి.

చివరగా, మీరు అడగకపోయినా, జనవరి 26 సంగతి. అది మనకు గణతంత్ర దినం, ఈ దేశానికి ఆస్ట్రేలియా డే (ఇక్కడ బ్రిటిష్ వలస మొదలైన రోజు), అబొరిజినల్ ప్రజలకు 1938లో సిడ్నీలో సంతాప దినంగా ప్రకటించి సభ జరుపుకున్న రోజు. సెలవు కనుక మన సంఘాలు చాలావరకు ఆ రోజే జెండా ఎగరేసి, ఇక్కడి బాణసంచా కూడా చూసి వస్తాయి. మన జెండా వందనం మానమని నేను అనను. మా మిత్రబృందం మాత్రం ఉదయం జెండా వందనం ముగించుకుని, విందు, పాటలు, ఆటలు తర్వాతి వారాంతానికి మార్చుకుంది. హాలు అద్దె కూడా అప్పుడు తక్కువే, కాబట్టి కమిటీని ఒప్పించడం మీరనుకున్నంత కష్టం కాకపోవచ్చు.