ఏడాది ప్రయాణం, ఇంటి నిండా సామాను

ప్రశ్న: ఏడాదికి పైగా దేశాలు తిరగబోతున్నాను. ఇంట్లో ఏది ఉంచాలో, ఏది వదిలించుకోవాలో తేలక టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఫొటోలు, ఉత్తరాల జోలికి ముందే వెళ్లకండి, రోజంతా అక్కడే కూర్చుండిపోతారు. పెద్ద వస్తువులు ముందు చూడండి, మంచం, సోఫా లాంటివి దాచడానికి కట్టే అద్దె మీరు తిరిగొచ్చేసరికి వాటి ధరనే దాటిపోవచ్చు కాబట్టి అమ్మేయడమో, వాడుకునేవాళ్లకి ఇచ్చేయడమో మేలు. బట్టలకి అంత ఆలోచన అక్కర్లేదు. కాగితాలు మాత్రం పారేయకండి: ఒరిజినల్స్ నమ్మకమైనవాళ్ల దగ్గర పెట్టి స్కాన్లు మీతో ఉంచుకోండి, బ్యాంకు ఓటీపీలు వచ్చే నంబరు ఆగిపోకుండా చూసుకోండి (చాలామంది మర్చిపోయేది ఇదే). పాస్‌పోర్టుకి ఇంకా 6 నెలల గడువుండాలని చాలా దేశాలు అడుగుతాయి. దాచే రిమోట్లు, గడియారాల్లోంచి బ్యాటరీలు తీసేయండి, కారితే లోపలంతా పాడవుతుంది.