డాక్టర్ సలహా: అత్తయ్య ఇంట్లోంచి కదలడం లేదు.. ఈ వయసులో వ్యాయామం చేయించొచ్చా?

ప్రశ్న: మా అత్తయ్యకు 72 ఏళ్లు. చాలాకాలంగా షుగర్, బీపీ ఉన్నాయి. మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. చిక్కడపల్లిలో రెండో అంతస్తులో ఉంటాం, లిఫ్ట్ లేదు. నిరుడు బాత్‌రూమ్‌లో జారిపడ్డారు. ఎముకలేమీ విరగలేదు కానీ, అప్పటి నుంచి కిందికి దిగడం మానేశారు. మేమూ ఏ పనీ చేయనివ్వడం లేదు, అన్నీ కూర్చున్నచోటికే అందిస్తున్నాం. అయినా ఎప్పుడూ నీరసం అంటారు. ఏడాదిలో 58 కిలోల నుంచి 53కి తగ్గారు. కుర్చీలోంచి లేవాలన్నా చెయ్యి పట్టుకోవాలి. వయసు వల్లే అనుకోవాలా? వ్యాయామం చేయిస్తే మళ్లీ పడతారేమోనని టెన్షన్.
- ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వయసు మీదకు నెట్టి వదిలేయకండి. మీరు రాసినవాటిలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ ఐదు కిలోలు. ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, విడవని నీరసం, చేతి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, కదలికలు తగ్గిపోవడం.. ఈ ఐదింటిలో మూడు ఉంటే దాన్ని ఫ్రెయిల్టీ అంటాం. మీ ఉత్తరంలోనే మూడు కనిపిస్తున్నాయి. ఈ స్థితిలో చిన్న జ్వరం వచ్చినా మంచాన పడతారు, తేరుకోవడానికి చాలా రోజులు పడుతుంది. అయితే దీన్ని చాలావరకు వెనక్కి తిప్పవచ్చు. తొంభై దాటినవాళ్లలోనూ తగిన వ్యాయామంతో కండరాల బలం పెరిగినట్లు పరిశోధనల్లో తేలింది.

ముందు ఒకసారి ఫిజీషియన్‌కు చూపించండి. బరువు ఎందుకు తగ్గిందో తేలాలి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, కిడ్నీ పరీక్షలతోపాటు బీ12, విటమిన్ డి కూడా చేయించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బీ12 తగ్గుతుంటుంది. దానివల్ల కాళ్లు తిమ్మిరెక్కి, అడుగు తడబడుతుంది. పడుకున్నప్పుడు, లేచి నిలబడ్డాక బీపీ చూడమని అడగండి. కళ్ల పరీక్ష మరవద్దు. దిగులు వల్ల కూడా తిండి తగ్గుతుంది, అదీ డాక్టర్‌తో చెప్పండి.

ఇక పడతారన్న భయం. పడ్డాక కదలడం మానేస్తే తొడ కండరాలు కరిగి, మళ్లీ పడే ముప్పు ఇంకా పెరుగుతుంది. మీరు ప్రేమతోనే అన్నీ అందిస్తున్నారు, కానీ ఆ సాయమే ఆమె కాళ్లకు పని లేకుండా చేస్తోంది. కూర్చుని చేసే కూరగాయలు తరగడమే కాదు, నిలబడి బట్టలు మడతపెట్టడం, మొక్కలకు నీళ్లు పోయడం తిరిగి ఆమెకే అప్పగించండి.

డాక్టర్ సరేనన్నాక కుర్చీతో మొదలుపెట్టండి. చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించి వేయండి. చేతుల ఆసరాతో నెమ్మదిగా లేచి, నెమ్మదిగా కూర్చోవాలి. మొదట ఐదుసార్లు, రోజుకు రెండు పూటలా. సులువనిపించాక పదికి పెంచి, ఆ తర్వాత చేతుల సాయం తగ్గించాలి. మెట్లు ఎక్కడానికి, టాయ్‌లెట్‌లో లేవడానికి కావాల్సిన బలం ఇదే. వంటగది గట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం, ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి నిలబడటం బ్యాలెన్స్‌కు మంచివి. మొదట్లో ఎవరో ఒకరు పక్కనే ఉండాలి. 65 దాటినవారు వారంలో కనీసం మూడు రోజులు ఇలాంటి బ్యాలెన్స్, బలం వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి వ్యాయామం కూడా అంటుంది కానీ, దాని గురించి ఇప్పుడే కంగారు పడొద్దు. వరండాలో ఐదు నిమిషాలతో మొదలుపెట్టి, మెట్లు దిగగలిగాక ఇందిరా పార్కుకు తీసుకెళ్లండి. ఎండాకాలంలో పొద్దున్నే వెళ్లాలి.

తిండి లేకుండా వ్యాయామం ఫలించదు. కిడ్నీలు బాగుంటే 53 కిలోల మనిషికి రోజుకు 55 నుంచి 65 గ్రాముల ప్రొటీన్ కావాలి. చారన్నం, మజ్జిగన్నంతో అంత రాదు. ప్రతి పూటా గుడ్డో, చేపో, ముద్దపప్పో, శనగలో, గట్టి పెరుగో ఉండేలా చూడండి.

బాత్‌రూమ్‌లో పట్టుకునే రాడ్ బిగించండి, రాత్రి లైటు వెలగనివ్వండి. పరగడుపున వ్యాయామం వద్దు. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆపి డాక్టర్‌ను కలవండి. మోకాళ్ల నొప్పి అడ్డొస్తే ఫిజియోథెరపిస్టును ఇంటికి పిలిపించి కొన్నాళ్లు దగ్గరుండి చేయించండి.