ఆల్జినేట్‌లో సెల్స్ గుండ్రంగానే ఉంటున్నాయి, మాట్రిజెల్ కొనాల్సిందేనా?

ఆల్జినేట్ జెల్‌లో 3డీగా పెంచుదామని వేసిన ఫైబ్రోబ్లాస్ట్‌లు (చర్మం లాంటి కణజాలాల్లో కొలాజెన్ తయారుచేసే సెల్స్) సాగకుండా వారమైనా గుండ్రంగానే ఉన్నాయి, చచ్చిపోయాయేమోనని టెన్షన్‌గా ఉంది, మాట్రిజెల్ కొనాలా అని అడిగారు. ముందు కాల్సీన్-ఏఎం, ప్రొపిడియం అయొడైడ్ అనే మెరిసే రంగులు వేసి మైక్రోస్కోప్ కింద చూడండి. పచ్చగా మెరిసేవి బతికున్నవి, ఎర్రవి చచ్చినవి. గుండ్రంగా ఉన్నంత మాత్రాన చచ్చినట్టు కాదు.

ఆల్జినేట్ సముద్రపు నాచు నుంచి తీసే పదార్థం. మన సెల్స్‌కు దాన్ని పట్టుకునే రిసెప్టర్లు లేవు. ఆర్‌జీడీ పెప్టైడ్ (సెల్స్ పట్టుకోగలిగే చిన్న ప్రొటీన్ ముక్క) అతికించి పట్టు కల్పించినా, ఆ వల కన్నాలు నానోమీటర్లలో ఉంటాయి, దాన్ని కోసే ఎంజైమూ సెల్స్ దగ్గర లేదు. ఇక సాగడానికి దారెక్కడ? కార్టిలేజ్ సెల్స్‌కైతే ఆ గుండ్రటి ఆకారమే మేలు.

మీ పనికి మాట్రిజెల్ అక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. అది ఎలుక ట్యూమర్ నుంచి తీసిన ప్రొటీన్ల జెల్, బ్యాచ్ బ్యాచ్‌కూ తేడా ఉంటుంది, ఖరీదూ ఎక్కువే. పేగు ఆర్గనాయిడ్‌ల (ల్యాబ్‌లో పెంచే బుల్లి పేగు నమూనాల) లాంటి వాటికి అది వాడతారు, సరే. ఫైబ్రోబ్లాస్ట్‌లకు టైప్ 1 కొలాజెన్ (చర్మంలో, ఎముకల్లో ఉండే ప్రొటీన్) చాలు. దాన్ని అవి పట్టుకోగలవు, కోసుకుంటూ పోగలవు.

ఇక్కడ బెంగళూరులో మా ల్యాబ్‌లో కొలాజెన్ పని అంతా ఐస్ మీదే చేస్తాం. ఏప్రిల్‌లో ఏసీ ఆగితే జెల్ ట్యూబులోనే గట్టిపడుతుంది, అందుకే పిపెట్ టిప్స్ కూడా ముందే ఫ్రిజ్‌లో పెడతాం. కొలాజెన్ యాసిడ్‌లో కరిగి వస్తుంది. చల్లటి 10ఎక్స్ మీడియం (పదింతలు గాఢంగా ఉండే, సెల్స్‌ను పెంచే ద్రవం) కలిపితే యాసిడ్ వల్ల పసుపు రంగులో ఉంటుంది. సోడియం హైడ్రాక్సైడ్ చుక్క చుక్కగా వేస్తూ నెమ్మదిగా కలపండి, బుడగలు రానివ్వకండి. రంగు లేత ఎరుపుకి తిరగ్గానే ఆపండి. ముదురు గులాబీ అయితే దాటిపోయినట్టే. సెల్స్ ఆ తర్వాతే వేయాలి, ముందు వేస్తే యాసిడ్‌కి చస్తాయి. 37 డిగ్రీల్లో అరగంట పెడితే తెల్లగా మసకబారుతుంది. గట్టిపడేలోపు ప్లేటును ఒకటి రెండుసార్లు తిప్పండి, లేకపోతే సెల్స్ అన్నీ అడుక్కి దిగి టూడీ కల్చరే (అడుగున ఒకే పొరగా పెరగడమే) అవుతుంది.

మందంగా పోయకండి. ఆక్సిజన్ సెల్స్ గుంపులోకి 100 నుంచి 200 మైక్రాన్లకు మించి సరిగా అందదు.

కొన్ని రోజులకు జెల్ అంచులు వదిలి కుంచించుకుపోతే కంగారు పడకండి. ఫైబ్రోబ్లాస్ట్‌లు లాగుతున్నాయన్నమాట. రోజూ ఫొటో తీసి వ్యాసం కొలవండి, మీ పేపర్‌కు పనికొస్తుంది.