బొమ్మకి ఇంకాస్త దగ్గరగా జరుగు

చెల్లీ,

ఒడిశాలోని గుణుపురం చిత్రకారుడి మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను, ఫొటోలూ చూశాను. మొహమాటం లేకుండా చెప్తాను, ఇందులో మనిషి ఉన్నాడు గానీ బొమ్మ లేదు. పుట్టిన ఊరు, ఖల్లికోట ఆర్ట్ కాలేజీ చదువు, గ్రూప్ షోలు, భువనేశ్వర్‌లో పెట్టిన మొదటి సోలో, అన్నీ వరసగా పేర్చావు. తీరా బొమ్మల దగ్గరికొచ్చేసరికి 'అంతర్మథనం', 'రంగుల కవిత్వం' అని చేతులు దులుపుకున్నావు. ఆ మాటలు ఏ ఆర్టిస్టుకైనా అతుకుతాయి.

ఆ పెద్ద బూడిదరంగు కేన్వాస్ ఉంది చూడు, దాని కింద ఎడమ మూల నైఫ్‌తో గీకేశాడు, గీకిన చోట అడుగునున్న ఇటుకరంగు బయటపడింది, ఒకచోటైతే గుడ్డ నేత కూడా కనిపిస్తోంది. అంటే ముందు ఎరుపు వేసి, ఆరనిచ్చి, మొత్తం కప్పేసి, పైపూత పచ్చిగా ఉండగానే మళ్లీ తీసేశాడన్నమాట. ఎందుకు కప్పాడు? కప్పినవాడు ఎందుకు తీశాడు? ఇంక చాలని ఎక్కడ అనిపించింది? అవి అడిగితే వ్యాసం దానంతటదే వస్తుంది. అసలు అతను అక్రిలిక్ వాడతాడో ఆయిల్ వాడతాడో నువ్వు రాయనే లేదు. మన ఎండలకి అక్రిలిక్ నిమిషాల్లో ఆరిపోతుంది, గీకాలంటే చెయ్యి పరిగెత్తాలి. ఆయిలైతే రోజుల తరబడి మెత్తగా ఉంటుంది, వానాకాలంలో ఇంకా ఆలస్యం, మనసు మార్చుకోడానికి టైముంటుంది. అతని తొందరా నిదానమూ అక్కడే తెలుస్తాయి.

నాగపూర్‌లో 1924లో పుట్టిన చిత్రకారుడు గైతొండే గారి గురించి మౌని అని, జెన్ బౌద్ధం అని చాలామంది రాశారు. ఆయన రోలర్‌తో, నైఫ్‌తో రంగు పరిచి, కాగితం ముక్కలు అద్ది తీసి పొరలు కట్టేవారని తెలిశాకే ఆ బొమ్మల్లో వెలుగు ఎక్కణ్నించి వస్తోందో నాకు అర్థమైంది.

ఇంకోటి, నాకు బాగా పట్టింపున్న విషయం. 'సవర చిత్రకళ ప్రభావం స్పష్టం' అని రాశావు. అతను చెప్పాడా, నువ్వే అనుకున్నావా? గుణుపురం కుర్రాడు, ఎరుపు వాడాడు, ఇంకేం, సవర గోడే అనుకోవడం చాలా తేలిక. సవరల ఇడితాల్ అనేది ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో, దేవతల కోసం, చనిపోయిన పెద్దల కోసం పూజతో వేసే బొమ్మ. అందులో మనుషులు, గుర్రాలు, ఏనుగులు, సూర్యుడు, అన్నీ పోల్చుకోగలం. దాన్ని ఇలా ఏ ఆకారమూ పోల్చుకోలేని నైరూప్య చిత్రానికి మూలం అనాలంటే ఆధారం కావాలి, లేకపోతే ఇటు అతనికీ అటు సవరలకీ అన్యాయం చేసినట్టే. గిడుగు రామమూర్తి గారు మన పర్లాకిమిడిలోనే పంతులుగా ఉంటూ సవరల దగ్గరే సవర భాష నేర్చుకున్నారు, ఏళ్లు గడిచాక 1931లో గానీ ఆయన సవర వ్యాకరణం అచ్చు కాలేదు. అంత ఓపిక మన ఊళ్లోనే ఉండేది.

షోల జాబితా సగానికి కోసెయ్. నెల ఎలా గడుస్తోందో అడుగు: సైన్ బోర్డులా, డ్రాయింగ్ ట్యూషన్లా, ఇంట్లోవాళ్ల సాయమా? రంగులు బరంపురం నుంచి వస్తాయా, వైజాగ్ నుంచా? మొదటి బొమ్మ ఎవరు కొన్నారు? కాలేజీ రోజుల బొమ్మనీ ఇప్పటిదాన్నీ పక్కపక్కన పెట్టించి, మధ్యలో ఏం మానేశాడో నువ్వే చూడు. అతను ఒడియాలోకి వెళ్లిపోతే ఆపకు, ఒడియాలోనే రాసుకో.

వచ్చే ఆదివారం ప్యాసింజర్‌కి మళ్లీ గుణుపురం వెళ్లు. పని చేసుకుంటుంటే ఓ పూట ఊరికే కూర్చోనివ్వమను, ప్రశ్నలు తర్వాత. ప్రతి బొమ్మకీ సైజు, మీడియం, ఏడాది రాసుకో, ఫొటోలు ఫ్లాష్ లేకుండా పగటి వెలుగులో తియ్యి. ముందు ఆ బూడిదరంగు కేన్వాస్ మీద ఒక్క పేజీ రాసి పంపు, మిగతాది ఆ తర్వాత చూద్దాం.