పంచె మీద పడిన బొమ్మ

ప్రశ్న: పూర్వం సినిమాకు ముందు వేసే డాక్యుమెంటరీలు ఎవరు తీసేవారు? పల్లెల్లోనూ వేసేవారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: 1948లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఫిల్మ్స్ డివిజన్ తీసేదమ్మా. హాళ్లలో అసలు బొమ్మకు ముందు వాటిని వేసి తీరాలని అప్పట్లో రూలు. మా ఊరికైతే ప్రచారం జీపు వచ్చేది. బడి గోడకు తెల్లపంచె కట్టి 16 ఎంఎం ప్రొజెక్టరు తిప్పేవారు. వరి సాగు, మశూచి టీకా, కుటుంబ నియంత్రణ గుర్తైన ఎర్ర త్రిభుజం – ఇవే ఆ బొమ్మల్లో. లైటు దగ్గర ఎగిరే పురుగుల నీడలు పంచె మీద పిట్టలంత కనిపించేవి! రీలు మార్చేలోపు ఆడవాళ్లంతా టీకా గురించే మాట్లాడుకునేవారు. అంతకుముందు సూదంటే ససేమిరా అన్న మా అమ్మమ్మ, మర్నాడు నన్ను తనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. తర్వాత 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా టీవీ పాఠాలొచ్చాయి. నాకు మాత్రం ఆ పంచే గుర్తు. టీకా మచ్చ ఇంకా ఎడమ జబ్బ మీద ఉంది.